పన్నెండో పొయ్యి

పదింటికి నా కూతురు సువార్త నన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టి వెళ్లింది. కూర్చోబెట్టడమంటే నిజంగా కూర్చోబెట్టడమే, భుజం పట్టుకొని కిందికి నొక్కి, "బాపు, కాలేజీల సర్టిఫికెట్ తీస్కొని గంటల వస్త. గీడికెల్లి లేవకు. నేనొచ్చెటాళ్లకు ఏ మెట్లు ఎక్కాల్నో నువ్వే చెప్పాలె. అవ్వ చెప్పుడు గాదు, నేను చెప్పుడు గాదు" అంది. కుడి చేత్తో నొక్కింది, ఎడమ చెయ్యి ఇంకా పిండికట్టులోనే ఉంది కనక. ఆ కట్టు నా పుణ్యమే. మూడు వారాల కింద రైలు గేటు పడి ఉంది, బస్సులూ లారీలూ ఎడ్లబండ్లూ అన్నీ బుద్ధిగా ఆగి ఉన్నాయి, పట్టాలకు ఆ పక్కన తెల్ల తువ్వాల లేచింది. కర్రకు కట్టిన తువ్వాల, ఆగిన మనుషుల తలల మీదుగా నిటారుగా లేచి కదలకుండా నిలబడింది. తువ్వాల లేచిందంటే లోపల ఎవరూ లేరు, ఇక కానియ్యి అని మా చెరుకు చేలల్లో గుర్తు. చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్‌గా ఇరవై ఆరు సీజన్లు ఆ గుర్తును నమ్మినవాణ్ణి, అది కనపడితే నా చెయ్యి నన్ను అడగదు. స్కూటర్ని గేటు కింద నుంచి వంచి పట్టాల మీదికి తోశాను. వెనక కూర్చున్న సువార్త దూకి నా అంగీ పట్టి లాగింది. నేను వెళ్లి ఆమె చెయ్యి మీద పడ్డాను, గూడ్సు బండి మా పాదాల ముందు నుంచి ఎంతసేపు పోయిందో, ఒక్కో డబ్బా ఒక్కో డబ్బా, నాకు ఇప్పటికీ అది పూర్తిగా పోయినట్టు లేదు. బ్రేకు పడలేదని ఆసుపత్రిలో చెప్పాను. గేటు పడి ఉన్న చోట బ్రేకు సంగతి ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు, సువార్త కూడా అడగలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, "నువ్వు ఏదో సూసినవు బాపు. ఏందో నాకు చెప్పకు, చెప్పేటోళ్లకు చెప్పు. మల్లోపాలి గది కనవడ్తె నేను నీ ఎనుక ఉంటనో ఉండనో" అంది. ఆ మాట అన్నప్పుడు దాని కళ్లలో భయం లేదు, జాలి ఉంది, నాకు సిగ్గేసింది.

అందుకే ఈ బల్ల. బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్, హోటల్ ఎదురుగా ఒకే మేడ, దానికి రెండు వైపులా రెండు మెట్ల వరసలు. ఎడమ మెట్ల మీద పసుపుపచ్చ బోర్డు, గెలుపు బాట వ్యక్తిత్వ శిక్షణ, మార్కండేయ సార్. కుడి మెట్ల మీద బోర్డు లేదు, గోడకు అంటించిన కాయితం, డాక్టరమ్మ, గురువారం మాత్రమే అని. ఇద్దరూ నాకు పదకొండింటికే టైమిచ్చారు. ఇద్దరి దగ్గరికీ ఒక్కోసారి పోయి వచ్చాను, మళ్లీ పోవాల్సింది ఒక్కరి దగ్గరికే, రెండు పడవల మీద కాళ్లు పెట్టే ఓపిక మా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. నా భార్య శారమ్మ ఓటు ఎడమకు. "డాక్టరమ్మ దగ్గరికి వోతె ఊరేమంటది? ఏసుదానానికి దిమాక్ కరాబైందంటరు. రేపు సర్వీసు ఉంటదా? మార్కండేయ సార్ దగ్గరికైతె బ్యాంకోళ్లు, టీచర్లు, మస్తు పెద్దోళ్లు వోతున్నరు" అంటుంది. పాపం తప్పేం లేదు, ఆమె మొదట పాస్టరు సత్యానందం గారిని పిలిపించి ప్రార్థన చేయించింది, ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు, నేను మాత్రం కళ్లు తెరిచి కిటికీ అవతల ప్రహరీ గోడ మీదికే చూస్తూ ఉన్నాను.

మార్కండేయ సార్ మంచివాడు. చేనేత ఇంట్లో పుట్టి, గుంట మగ్గం దిగి చదువుకొని, బడిపంతులై, ఆ పని వదిలి ఇందులోకి వచ్చానని మొదటి రోజే చెప్పాడు. ఫంక్షన్ హాల్లో నూట యాభై మందిమి, అందరం లేచి చప్పట్లు కొట్టాలి, నేను చేయగలను అని మూడుసార్లు అరవాలి, నేనూ అరిచాను, చర్చిలో హల్లెలూయా అరిచిన గొంతే, మొహమాటం ఏముంది. తర్వాత తలా ఒక కాయితం ఇచ్చి, మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది ఏదో దాని మీద రాయండి అన్నాడు. రాశారు. వేదిక మీద ఇనప బకెట్ పెట్టారు. వరసగా పోయి కాయితం అంటించి అందులో వెయ్యాలి. "కాల్చేయండి, నిన్న అనేది బూడిద, బూడిదకు బలం లేదు" అని ఆయన చెబుతుంటే ఆడవాళ్లు కొందరు ఏడ్చారు, ఏడ్చి నవ్వారు, ముఖాలు తేటపడ్డాయి, నా కళ్లతో నేను చూశాను. నా వంతు వచ్చింది. అగ్గిపెట్టె చేతికిచ్చారు. నా కాయితం మీద ఏమీ రాయలేదు, తెల్లగానే ఉంది, అయినా దాన్ని అంటించలేకపోయాను, అగ్గిపుల్ల గీసే ముందు తలెత్తి హాలు అవతలి గోడ వైపు చూశాను, ఎవరైనా తువ్వాల లేపారా అని. మార్కండేయ సార్ దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "నీకు కారణం అక్కర లేదు ఏసన్నా, నీకు గమ్యం కావాలె. ఎందుకు ఎందుకు అని తవ్వుకుంటె బాయిల వడ్తవు. ఒక్కనివి రా, నెల రోజులల్ల నిన్ను మల్ల నిలవెడ్త" అన్నాడు. నిలబెడతాడు కూడా. ఆ మాట వినగానే వంటి మీది నుంచి బరువు దిగినట్టైంది, ఎందుకు అని అడగని మనిషి దొరికితే ఇంకేం కావాలి.

డాక్టరమ్మ అడిగింది. ఆమె పేరు రేణుక, గురువారం గురువారం హైదరాబాద్ నుంచి వస్తుంది, మందులు రాసే డాక్టరు కాదట, మాట్లాడించే డాక్టరట, మాట్లాడించేవాళ్లను డాక్టర్లనొచ్చో లేదో నాకు తెలియదు. పోయిన గురువారం సువార్తను బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచింది. గదిలో రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ల గ్లాసు, చప్పట్లు లేవు. తువ్వాల కనిపిస్తున్నదని చెప్పాను. ఎప్పటి నుంచి అంటే మార్చి నెల ఆఖరు నుంచి అన్నాను. ఎక్కడెక్కడ అంటే చెప్పాను, ఈస్టర్ నాడు చర్చిలో ఆఖరి వరస వెనక, కాలువ కట్ట మీద, రైలు గేటు దగ్గర. ఆమె రాసుకోలేదు, వింటూ కూర్చుంది. నేను చెప్పడం అయ్యాక, "ఆ తువ్వాల కింద ఎవరున్నరు?" అని అడిగింది. ఒక్కటే ప్రశ్న. నేను వెంటనే, "లింబాద్రి" అన్నాను. లింబాద్రి నా జోడి ఫీల్డ్‌మన్. చెప్పిన మరుక్షణం నా వీపు తడిసిపోయింది, అది అబద్ధమని ఆమెకు తెలిసిపోయినట్టు, అసలు ఆ గదికి తెలిసిపోయినట్టు. ఆమె కోప్పడలేదు. "మల్ల గురువారం రాండ్రి. జవాబు ఉన్నా రాండ్రి, లేకున్నా రాండ్రి" అంది. మెట్లు దిగుతుంటే చప్పట్ల హాలు నుంచి బయటికి వచ్చినప్పుడు ఎంత తేలిగ్గా ఉన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

పదీ ఇరవై. బస్టాండులో తెల్లగుడ్డ లేని దిక్కు చూసుకొని కూర్చోవడం ఎంత కష్టమో నన్ను అడగాలి. రైతుల భుజాల మీద, డ్రైవర్ల సీట్ల మీద, జొన్నరొట్టెలు కట్టుకున్న మూటల మీద, ఎక్కడ చూసినా తెలుపే. ధర్మాబాద్ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు మరాఠీలో గలగలా మాట్లాడుకుంటున్నారు, ఆ మాట వినపడగానే తల అటు తిప్పుకుంటాను, చెరుకు కొట్టేవాళ్లందరూ ఆ మాటే మాట్లాడేవాళ్లు. మార్కెట్ యార్డు వైపు నుంచి పసుపు వాసన వస్తున్నది. దాని కింద ఇంకో వాసన, కాలిన చెరుకాకు వాసన, తియ్యగా, గొంతులో జిగటగా. అది జూన్ నెలలో, నిజామాబాద్ నడిబొడ్డులో రాకూడదు. ఎక్కడ ఏది రాకూడదో తెలిసినవాణ్ణి కనకనే చెబుతున్నాను. ఆరేసిన గుడ్డ గాలికి ఆడుతుంది, భుజం మీది తువ్వాల మనిషితో నడుస్తుంది. నాకు కనిపించేది ఈ రెండూ చెయ్యదు. ఎక్కడో ఒక గోడ అవతల, ఒక గుంపు వెనక, ఉన్నట్టుండి లేస్తుంది, నిటారుగా, కదలకుండా, కింద మనిషి కనపడడు. చర్చిలో అది లేచినప్పుడు నేను పాటల పుస్తకం కింద పడేసి వాకిలి వైపు నాలుగడుగులు నడిచాను. కాలువ కట్ట మీద లేచినప్పుడు నీళ్లల్లోకి మోకాలి దాకా దిగిపోయాను. ఎవరో గొర్లకాపరి అరిస్తే ఆగాను.

నిజాంసాగర్ కాలువ పక్కన నర్సింలు పటేలు చేను, నాలుగెకరాలు. మార్చి నెల, సీజన్ ఆఖరు. రెండు రోజుల్లో గానుగ ఆపేస్తారు, ఇంకా కొయ్యని చెరుకు అదొక్కటే, కూలీలు లారీ ఎక్కే తొందరలో ఉన్నారు. అలాంటప్పుడు నిలువు చెరుక్కే నిప్పు పెట్టి ఆకు కాల్చి కొడతారు, పని సగానికి తగ్గుతుంది. దానికి ఒక పద్ధతి ఉంది. ఫీల్డ్‌మన్లం ఇద్దరం. ఒకడు ఆ గట్టు వైపు పోయి, చేను చుట్టూ తిరిగి, అందరూ బయటికొచ్చారని చూసుకొని, కర్రకు తువ్వాల కట్టి లేపి పట్టుకోవాలి. చెరుకు రెండు నిలువుల ఎత్తు, అవతలి మనిషి కనపడడు, గుడ్డ ఒక్కటే కనపడుతుంది. గుడ్డ చూసి ఇవతలివాడు నిప్పు పెట్టాలి. ఇరవై ఆరేళ్లు అలాగే చేశాం, ఒక కుందేలు కూడా కాలలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం తువ్వాల లేచింది. నిప్పు పెట్టాను. ఆకు ఎండిపోయి ఉంది, మంట లేచిన చప్పుడు ఎట్లుంటుందో చెప్పలేను, చెవులు మూసుకున్నా ఛాతీలో వినపడుతుంది. పావు గంటలో అంతా అయిపోయింది. అప్పుడు నా వెనక సైకిల్ బెల్లు మోగింది. లింబాద్రి. తూము దగ్గర చైను ఊడిందని చేతులకు గ్రీజు, తువ్వాల ఇంకా మెడలోనే ఉంది. "అరె ఏసన్నా, నేను గట్టు మీదికి వోనేలేదు. గప్పుడే ఎట్ల వెట్టినవే?" అన్నాడు.

చెరుకు కొట్టేవాళ్లను కోయ్తాలతో లెక్క పెడతారు. కోయ్తా అంటే కత్తి, ఒక కత్తి అంటే ఒక జంట, మొగుడు కొడితే పెళ్లాం మోపు కడుతుంది. ఎంతమంది వచ్చారు అని ఎవరూ అడగరు, ఎన్ని కోయ్తాలు అని అడుగుతారు. నేను పరుగెత్తుకుంటూ పోయి వాళ్ల ముఠా మేస్త్రీ దేవిదాసును పట్టుకొని అందరూ ఉన్నారా అని అడిగితే, అతను వరసగా జంటలకు వేలు పెట్టి చూపించి, "పదకొండు కోయ్తాలు సాబ్. పూరా" అన్నాడు. పదకొండే, నేనూ లెక్క పెట్టాను. గుండె కుదుటపడింది. నల్లగా కాలిన చెరుకు కొట్టడం మొదలుపెట్టారు, చీకటిపడే వేళకు చేను నడుమకు వచ్చారు. అక్కడ చాపంత జాగా కాలలేదు. ఆకు పచ్చిగానే ఉంది, ఎవరో పడుకొని లేచినట్టు అణిగి ఉంది. అక్కడి నుంచి కాలువ దాకా మనిషి తోసుకుంటూ పోయినట్టు సందు. కాలువ ఆ రోజు నిండుగా పారుతున్నది. లింబాద్రి నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను, "అడివి పంది" అన్నాడు, "పందే" అన్నాను. రాత్రికే లారీలో వాళ్లు వెళ్లిపోయారు. పొద్దున్నే వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటికి ఒక్కణ్ణే పోయాను, ఎందుకు పోయానో అడగొద్దు, కాళ్లు పోయాయి. గుడిసెలు పీక్కుపోయారు, పొయ్యిలు మిగిలాయి. ఒక జంటకు ఒక పొయ్యి. లెక్క పెట్టాను. పన్నెండు. పన్నెండోది అందరికీ దూరంగా, చిన్నది, మూడు రాళ్లు, లోపల నిప్పు ఇంకా కొంచెం ఎర్రగా ఉంది, పక్కన మూత పెట్టిన గిన్నెలో తినని జొన్న గటక. ముఠాలో ఒంటరి మనిషి ఉంటే సగం కోయ్తా అంటారు, లెక్కలోకి రాదు. ఈ ముఠాలో అలాంటిది ఒకతె ఉండేది. మొగుడు లేని మనిషి, వరస చివర తనే కొట్టుకొని తనే మోపు కట్టుకునేది, ఆకు కోసుకోకుండా తల మీద తెల్లగుడ్డ చుట్టుకునేది. సగం కోయ్తా అన్న మాటకు నేనొకసారి నవ్వాను కూడా, ఆమె విన్నది. ఆమె పేరు నాకు తెలియదు. ఆ గిన్నె ముందు నిలబడి పోలీసుల దగ్గరికి పోవాలనుకున్నాను, దేవిదాసును వెతకాలనుకున్నాను, ఏదీ చెయ్యలేదు. గిన్నె బోర్లించి, మూడు రాళ్లనూ కాలితో తన్ని చెదరగొట్టాను. పొయ్యిలు పదకొండయ్యాయి.

ఇదీ సంగతి. ఎడమ మెట్లు ఎక్కితే ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర లేదు. నెల రోజుల్లో నిలబడతాను, ఉద్యోగం ఉంటుంది, శారమ్మ తల ఎత్తుకొని తిరుగుతుంది. కుడి మెట్లు ఎక్కితే ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ పోవాలి, ఆ తర్వాత పోలీసులో, ధర్మాబాద్ అవతలి ఏ ఊళ్లోనో ఆమె కోసం చూస్తున్న తల్లో, ఎవరెవరి ముందు నిలబడాలో. నాకు జైలంటే భయం, అది దాచుకోను. పదకొండుకు పది నిమిషాలు. మార్కండేయ సార్ సిగ్నల్ దాటి వచ్చి నన్ను చూసి ఆగాడు. "ఏసన్నా, ఇంక గీడనే కూసున్నవా? ఎక్కువ సోంచాయిస్తె పని ఆగుతది. నేను మీదికి వోతున్న, రా" అని నవ్వుతూ నా భుజం తట్టి ఎడమ మెట్లు ఎక్కిపోయాడు. ఆయన మలుపు తిరిగాక, ఆ మెట్ల పిట్టగోడ అవతల నుంచి తెల్ల తువ్వాల లేచింది.

నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. ఒక కాలు రోడ్డు మీద ఉంది, బోధన్ బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తున్నది, నా చెయ్యి ముందుకు చాచి ఉంది, దారి ఖాళీ, కానియ్యి, పో. కడుపులో ఎంత హాయి, ఆ హాయికే నాకు వెన్ను జలదరించింది. ఎందుకంటే ఈ మూడు నెలల్లో మొదటిసారి నేను తువ్వాల కిందికి చూశాను. కర్రను పట్టుకున్న నాలుగు వేళ్లు పిట్టగోడ మీద కనపడ్డాయి, ఆకు గీరిన వేళ్లు. తువ్వాల నిటారుగా లేదు. ఊగుతున్నది. అటూ ఇటూ, అటూ ఇటూ, చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా ఊగుతున్నది. లింబాద్రి ఎప్పుడూ ఊపడు, లేపి పట్టుకోవడమే పద్ధతి. ఆ రోజు కూడా అది ఊగింది. అవతలి గట్టు మీద లేవలేదు, గట్టుకు ఇవతల, చెరుకు నడుమ నుంచి లేచింది. నేను చూశాను. చూసి, లింబాద్రి తొందరలో ఊపుతున్నాడనుకున్నాను, అనుకోవాలనుకున్నాను, సీజన్ ఆఖరు కదా, లారీ టైమైంది కదా. నిటారుగా నిలబడ్డది అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను, ఈ బల్ల మీద కూర్చొని పొద్దున కూడా అదే చెప్పుకున్నాను. బస్సు నా అంగీని రాసుకుంటూ పోయింది.

"బాపూ!" సువార్త పరుగెత్తుకుంటూ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. సర్టిఫికెట్ కవరు కింద పడిపోయింది. "గీడికెల్లి లేవద్దన్న గదా. ఏం సూస్తున్నవు? మల్ల అదేనా?" దాని ముఖం పాలిపోయి ఉంది. నేను దాని కట్టు చెయ్యి వైపు చూశాను, దానికి నేను చెప్పకపోతే ఎవరికీ చెప్పలేనని అనిపించింది. "నర్సింలు పటేలు చేన్ల నేను నిప్పు వెట్టినప్పుడు లోపల ఒక మనిషి ఉండె బిడ్డ" అన్నాను. "ఆడమనిషి. నన్ను ఆగుమని గుడ్డ ఊపింది. నేను ఆగలె." చాయ్ హోటల్ రేడియో, బస్సులు, మరాఠీ ఆడవాళ్లు, అన్నీ మోగుతూనే ఉన్నాయి. సువార్త వంగి కవరు తీసుకొని, దుమ్ము దులిపి, ఒంటి చేత్తో చంకలో పెట్టుకొని, నా చెయ్యి వదలకుండా, "నడువు" అంది. ఎటు అని అడగలేదు. నేను కుడి వైపు నడిచాను.

ఆ మెట్లు సన్నగా, చీకటిగా ఉన్నాయి, ఇద్దరం పక్కపక్కన పట్టడమే కష్టం. పిండికట్టు గోడకు తగలకుండా సువార్త లోపలి వైపు నడిచింది. నాకు ఏడుపొస్తున్నది, ఆపుకోలేదు. ఒక మెట్టు ఎక్కి ఆగితే వెనక ఇంకో అడుగు పడి ఆగేది, చెప్పుల్లేని అడుగు, ముందుకు నెట్టేదీ కాదు, వెనక్కి లాగేదీ కాదు. తిరిగి చూడలేదు, చూడాలన్న తొందర కూడా లేకపోయింది. పైన వసారాలో చిన్న బల్ల వేసుకొని సాయవ్వ అనే ముసలామె కూర్చుంది, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేది ఆమే. కళ్లజోడు సర్దుకొని, "ఏసుదానం గదా? ఎంతమంది వోతరు లోపల్కి?" అని అడిగింది. సువార్త నోరు తెరిచింది, ఇద్దరం అనబోయింది.

"ముగ్గురం" అన్నాను.

సాయవ్వ తలెత్తి మమ్మల్ని చూసి, మా వెనక మెట్ల వైపు ఒకసారి చూసి, మూడు అని రాసుకుంది.